ఇల్లా, వాహనమా

గుడికి ఫోన్ చేసి, పడవకి పూజ చేయించాలంటే ఎలాగని అడిగితే పంతులుగారు ఆ మాట నాచేత మళ్ళీ చెప్పించుకున్నారు. తర్వాత ఎంతో మర్యాదగా, "ఇల్లా అండీ, వాహనమా అండీ?" అన్నారు.

"రెండూనండీ," అన్నాను.

"అలా కుదరదమ్మా. ఇల్లయితే పాలు పొంగించాలి. వాహనమైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. ఏదో ఒకటి చెప్పండి."

చక్రాలు లేవని చెప్పాను. అయితే ఇల్లే అనుకోండి అన్నారాయన, వెనకాల ఎవరో పిలుస్తుంటే తొందర తొందరగా. ఆయన్ని తప్పు పట్టను. కొత్త కార్లకీ కొత్త టౌన్‌హౌస్‌లకీ పూజలు చేసి చేసి అలవాటైన మనిషి. పడవలో కాపురం పెడతానన్న ఆడమనిషి ఆయనకి అంతకు ముందు తగిలి ఉండదు.

నాకప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఒక అపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్ళుగా అద్దెకి ఉంటున్నాను. మందుల కంపెనీలో ఉద్యోగం. ఏ మందు మింగితే ఎవరికి దద్దుర్లు వచ్చాయి, ఎవరికి కళ్ళు తిరిగాయి అన్న రిపోర్టులు చదివి, తప్పు మందుదా ఇంకొకదానిదా అని తేల్చడం నా పని. ఆఫీసుకి రానక్కర్లేదు, ఇంట్లోంచే చేసుకోమన్నారు. ఇల్లు ఎక్కడుండాలో వాళ్ళు చెప్పలేదు.

పడవ ఎందుకు కొన్నావని అందరూ అడుగుతారు. అడిగేటప్పుడే ముఖం కొంచెం జాలిగా పెడతారు. ఎవరో మోసం చేసి ఉంటారనో, ఏదో జబ్బు నుంచి కోలుకుని ఉంటాననో వాళ్ళ అంచనా. మగవాడు పడవ కొంటే సరదా. ఆడది కొంటే దాని వెనక కన్నీటి కథ ఉండి తీరాలి. ఈ పద్ధతి నాకు ఒళ్ళు మండిస్తుంది. నాకు ఏ కథా లేదు. ఆదివారాలు సముద్రపు ఒడ్డుకి నడవడానికి వెళ్ళేదాన్ని. ఒకరోజు అక్కడి మెరీనాలో, అంటే పడవలు కట్టేసే రేవులో, అమ్మకానికి పెట్టిన పాత పవర్‌బోటు చూశాను. లోపలికి దిగి కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు. కొన్నాను.

ఇంకొంచెం నిజం చెప్పమంటే చెబుతాను. అప్పటిదాకా నేనున్న ప్రతి గదిలోనూ ఇంకొకళ్ళ మాటే చెల్లింది. ఇంట్లో నాన్నది, హాస్టల్లో వార్డెన్‌ది, వచ్చిన కొత్తలో రూమ్మేట్లది, అపార్ట్‌మెంట్‌లో పై వాటా పిల్లల కాళ్ళది. తలుపు మూస్తే నాది, తాడు విప్పితే నేను చెప్పిన చోటికి వచ్చేది ఒకటి ఉంటుందని ఆ రోజు దానిలో కూర్చుంటేగానీ నాకు తట్టలేదు.

చాలా చిన్న పడవ. తెరచాపలూ అవీ ఉండవు, ఒకే ఒక్క ఇంజన్. ముక్కు భాగంలో ముక్కోణం మంచం, దాని కింద బియ్యం బస్తా. మధ్యలో మడతపెట్టే బల్ల, రెండు పొయ్యిలు, సింకు, బీరువా అంత బాత్రూం. వెనకాల ఆరుబయట స్టీరింగ్, దాని పక్కన కూర్చోవడానికి చోటు. లోపల నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. పచ్చడి సీసాలన్నీ కదలకుండా తువ్వాళ్ళు చుట్టి పెట్టాను.

టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉండే మా అక్కకి ఫోన్ చేసి చెబితే ముందు నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆగింది.

"నీకేమన్నా పిచ్చా? షాపింగ్ మాల్ దగ్గర కార్ పార్క్ చేయడానికి రెండు స్పాట్లు కావాలి నీకు. పడవ పార్క్ చేస్తావా?"

"నేర్చుకుంటా."

"స్విమ్మింగ్ వచ్చా?"

"కౌంటీ పూల్‌లో క్లాసులకి వెళ్తున్నాగా, పోయినేడాది నుంచీ."

"అంటే నాకు చెప్పకుండా అప్పుడే ప్లాన్ చేశావన్నమాట," అంది. ఆమెకి కోపం వచ్చింది పడవ మీద కాదు, చెప్పకపోవడం మీద. మా అక్క కోపాలు ఎప్పుడూ అసలు సంగతి పక్కనే ఉంటాయి. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి, "సరే ఏడిశావులే, పాలన్నా పొంగించు," అంది. పంతులుగారికి ఫోన్ చేయించింది కూడా తనే.

ఆ ఆదివారం పొద్దున్నే అక్క వీడియో కాల్‌లోకి వచ్చింది. తలంటుకుని, పట్టుచీర కట్టుకుని కూర్చుంది, పాలు పొంగేది నా దగ్గరైనా సరే. తూర్పు ఎటు అని అడిగింది. ఆ మాటకొస్తే న్యూజెర్సీ తెలుగువాళ్ళందరిలోకీ వంటగదిలో తూర్పు ఎటో కచ్చితంగా తెలిసింది నా ఒక్కదానికే. స్టీరింగ్ ముందే దిక్సూచి ఉంది. సింకు వైపు తూర్పు అని తేలింది. గిన్నె ఆ వైపుకి కాస్త వంచి పెట్టాను.

"ఇంకాసిని పొయ్యవే, ఆ పిసినారితనం ఏంటి. నిండుగా పొంగాలి," అంది. పోశాను.

పాలు అంచు దాకా వచ్చిన క్షణంలోనే పక్క నుంచి ఎవరిదో పెద్ద పడవ వెళ్ళింది. దాని అలకి నా పడవ ఊగింది. కింద పళ్ళెం పెట్టుకున్నాను కానీ పాలు పళ్ళెంలో పడలేదు. పొయ్యి వెనక సందులోంచి ధారగా జారిపోయాయి. అక్క చప్పట్లు కొట్టింది. తూర్పుకే పొంగాయని మురిసిపోయింది. నాకూ ఆనందం పట్టలేక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పాలు ఎక్కడికి పోయాయన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు.

అపార్ట్‌మెంట్‌లో పాలు ఒలికితే స్టవ్ మీద ఉంటాయి, తుడిస్తే పోతాయి. పడవలో అలా కాదు. కింద పడ్డ ప్రతి చుక్కా జారి జారి అడుగున ఉండే గుంటలోకి చేరుతుంది. అక్కడ నీళ్ళు చేరితే వాటంతటవే తోడి బయటికి చిమ్మే పంపు ఒకటి ఉంటుంది. నేను ఫోన్ పెట్టేసి, శుభ్రంగా ఉంటుందని బకెట్ నీళ్ళలో గిన్నెల సబ్బు కలిపి ఆ సందులో గుమ్మరించాను. కింద ఏదో గుర్రుమంది. పడవ పక్కన ఉన్న కన్నంలోంచి తెల్లటి నురగ సముద్రంలోకి పడటం మొదలైంది.

పడవలు ఆనించి కట్టే చెక్క డాక్ మీద ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు. మెరీనా అంతటికీ పెద్ద దిక్కయిన డాక్‌మాస్టర్ ఆవిడ. అరవై దాటి ఉంటాయి, కురచ జుట్టు, నడుముకి తాళాల గుత్తి. ఎవరు ఏ చోట పడవ నిలపాలో, ఎవరు పడవలో నివాసం ఉండొచ్చో ఆవిడే చెబుతుంది.

"ఏం పారబోస్తున్నారు నీళ్ళలోకి?" అంది. సబ్బు నీళ్ళు గానీ మురుగు గానీ వదిలితే ఇక్కడ నేరం.

"పాలు," అన్నాను.

"పాలు ఒలికాయా?"

"ఒలకలేదు. పొంగించాం. కావాలనే."

"కావాలనే," అంది ఆవిడ, నా మాటే మళ్ళీ.

కొత్త ఇంట్లో మేం అలా చేస్తామనీ, పొంగితేనే మంచిదనీ, పొంగకపోతే మళ్ళీ పెడతామనీ వివరించాను. నేను చెప్పేకొద్దీ నాకే వింతగా వినిపించింది. ఆవిడ డాక్ మీద బూట్లు విప్పి లోపలికి వచ్చింది. పడవల వాళ్ళకీ చెప్పులు విప్పి లోపలికి వచ్చే అలవాటు ఉందని అప్పుడే తెలిసి, అంత కంగారులోనూ ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. నేలలో ఉన్న మూత ఎత్తి చూపించింది. కింద గుంటలో నా గృహప్రవేశం అంతా తేలుతోంది.

"పాల గురించి నాకేం పట్టింపు లేదు," అంది. "అవి ఎటు పోతాయో మీకు తెలియదు. ఇది ఇల్లనుకుంటున్నారు మీరు. ముందు ఇది పడవ."

పంతులుగారి ప్రశ్నే మళ్ళీ వచ్చి నా ముందు కూర్చుంది. ఆయన ఇల్లే అనుకోండి అన్నారు. ఈవిడ కాదంటోంది.

తర్వాత షరతు చెప్పింది. శరత్కాలంలో పెద్ద తుఫాను హెచ్చరిక వస్తే ఈ మెరీనా మొత్తం ఖాళీ చేయాలి. ఎవరి పడవ వాళ్ళు పై వాగులోకి తీసుకుపోవాలి. ఆ రోజు ఎవరి గొడవ వాళ్ళది, ఒంటరి మనిషికి తాడు పట్టడానికి ఎవరూ ఉండరు. కాబట్టి ఒంటరిగా నివాసం ఉండేవాళ్ళు ఎవరైనా సరే, తుఫానుల కాలం ముదిరే లోపల, ఆవిడ చూస్తుండగా పడవ ఒక్కరే బయటికి తీసుకెళ్ళి, ఒక్కరే తెచ్చి కట్టాలి. ఎవరి చెయ్యీ తగలకూడదు. చేయలేకపోతే పడవ ఇక్కడ ఉంచుకోవచ్చు. అందులో నిద్రపోవడానికి వీల్లేదు.

అప్పటికే అపార్ట్‌మెంట్ ఖాళీ చేసేశాను. సోఫా ఎవరికో ఇచ్చేశాను.

అక్కకి చెబితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గెస్ట్ రూమ్ ఖాళీగానే ఉంది. మీ బావగారు ట్రెడ్‌మిల్ కూడా గరాజ్‌లోకి మార్చేశారు. వర్క్ ఫ్రం హోమే కదా, ఇక్కణ్ణుంచి చేసుకో." ఆ గది నాకు తెలుసు. మంచి దుప్పట్లు, అటాచ్డ్ బాత్రూం, పొద్దున్నే అక్క చేతి కాఫీ. కష్టాల్లోంచి పారిపోవచ్చు గానీ ప్రేమగా పెట్టిన గదిలోంచి బయటపడటం నా వల్ల కాదు. ఆ గదిలోకి వెళ్తే ఇక రానని నాకు తెలుసు. నాకు భయం వేసింది ఆ గదిని చూసే, సముద్రాన్ని చూసి కాదు.

ఆ పాలు పులిసి, పడవంతా వాసన. బోర్లా పడుకుని ఆ గుంటని పాత గుడ్డలతో ఎన్నిసార్లు తుడిచానో. ఆ వంకన పడవ అడుగున ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ తీగ దేనిదో అంతా తెలిసింది. అలా చూస్తే ఆ పాలు దండగ కాలేదు.

ఇక తిప్పలన్నీ కట్టడంలోనే. పడవకి బ్రేకు ఉండదు. స్టీరింగ్ తిప్పితే ముక్కు తిరగదు, తోక జరుగుతుంది. పైగా గాలి. అన్నిటికంటే ఘోరం, రివర్స్ వేస్తే చాలు, స్టీరింగ్ ఎటు తిప్పినా సరే, నా పడవ తోక ఎడమకే లాగుతుంది. ఒకే ఇంజన్ ఉన్న పడవల స్వభావం అదట. నేను దాన్ని తిన్నగా పెట్టాలని స్టీరింగ్‌తో కుస్తీ పట్టేదాన్ని. అది మొండిగా ఎడమకే పోయేది.

దానికి తోడు మా మెరీనాలో మంచితనం ఎక్కువ. శనివారం మధ్యాహ్నం నా ఇంజన్ చప్పుడు వినపడగానే నాలుగు పడవల్లోంచి జనం దిగేవారు. పక్క పడవ పెద్దాయన ముందు తాడు అడిగేవాడు. ఎదుటి డాక్ దంపతుల్లో ఆయన ఎడమకి అంటే ఆవిడ కుడికి అనేది. నేను అందరి మాటా వినేదాన్ని. ఎవరైనా చేయి చాపితే తాడు ఇవ్వకుండా ఉండటం నాకు చేతకాదు. విస్తరి ముందు కూర్చుని ఇంకొంచెం అంటే చాలనలేని మనుషులం మనం. ఆ మొహమాటమే పడవ నడిపింది అన్ని శనివారాలూ. పెద్దాయనకి ముందు తాడు విసిరాను, ఆయన బలంగా లాగాడు, ముక్కు డాక్‌కి కొట్టుకుంది, తోక వెళ్ళి పక్క స్తంభానికి తగిలింది. పడవ పక్కన వేలాడే రబ్బరు దిండ్లు డాక్ అంచుకి రాసుకుని, నా చోటు దగ్గర పెద్ద నల్లటి మచ్చ పడింది. "పర్లేదు, దాదాపు వచ్చేసింది," అన్నారందరూ. నేను అందరికీ థాంక్స్ చెప్పి లోపలికి వెళ్ళి కసిదీరా ఏడ్చాను.

ఏడుపు అయ్యాక ఆలోచించాను. నా ఉద్యోగమే అది కదా. ఒక మనిషి ఐదు మందులు మింగి దద్దుర్లు వచ్చాయంటే, తప్పు దేనిదో ఎవరూ చెప్పలేరు. ఒక్కొక్కటే ఆపి చూడాలి. నేను శనివారం ఒకేసారి ఐదుగురి సలహాలు మింగుతున్నాను. ఇంక దద్దుర్లు రాకేం చేస్తాయి?

ఆ తర్వాత శనివారాలు మానేశాను. మంగళవారాలూ బుధవారాలూ, రెండు మీటింగుల మధ్య, డాక్ మీద ఒక్క పురుగు కూడా లేనప్పుడు బయటికి తీసేదాన్ని. ఒక్కోసారికి ఒక్కటే మార్చేదాన్ని. ఇవాళ వేగం, రేపు కోణం. స్టీరింగ్ ముట్టుకోకుండా ఉత్త రివర్స్ వేసి ఏమవుతుందో చూశాను. తోక మెల్లగా, ఎప్పటిలాగే, ఎడమకి జరిగింది. డాక్ ఎడమ వైపే ఉంది. పడవ తనంతట తాను వెళ్ళి డాక్ పక్కన ఆనుకుంది. అంటే మొదటి రోజు నుంచీ అది నన్ను ఇంటికే లాగుతోంది, దానితో కొట్లాడుతున్నది నేనే. అక్కడే స్టీరింగ్ పట్టుకుని పిచ్చిదానిలా నవ్వాను.

మిగతాదంతా తాడు సంగతి. ఒంటరి మనిషికి ముందు తాడూ వెనక తాడూ కాదు, పడవ నడుముకి కట్టిన తాడు ముఖ్యం. దాని ఉచ్చు డాక్ మీద తాళ్ళు కట్టే ఇనుప కొమ్ముకి వేసేసి, ఇంజన్‌ని నెమ్మదిగా ముందుకి వదిలితే, ఆ తాడే పడవని డాక్‌కి హత్తి పట్టుకుంటుంది. మిగతావి తీరిగ్గా కట్టుకోవచ్చు. ఈ సంగతి వీడియోల్లో చూశాను, చేతికి రావడానికి వేసవి అంతా పట్టింది. ఎవరూ చూడకపోతే వస్తోంది. డాక్ మీద ఒక్క మనిషి కనపడితే మళ్ళీ ఉచ్చు గురి తప్పుతోంది.

సెప్టెంబర్ మొదట్లో డాక్‌మాస్టర్ వచ్చి, ఈ శనివారం చూద్దామా అంది. శనివారమే. అక్క కూడా ఆ వారమే దిగింది. న్యూఆర్క్ ఎయిర్‌పోర్ట్‌లో ఆమె పెద్ద సూట్‌కేస్ ఎత్తబోతే ఖాళీగా తేలిపోయింది.

"ఇదేంటి, ఖాళీగా ఉంది?"

"నీ బట్టలు పట్టాలి కదే," అంది. ఎగతాళి కాదు. నేను ఓడిపోతానని ఆమెకి నమ్మకం, ఓడిపోయినప్పుడు నా పక్కన ఉండాలని ప్రేమ. రెండూ ఒకే సూట్‌కేస్‌లో తెచ్చుకుంది.

దారిలో ఎడిసన్‌లో ఇండియన్ స్టోర్ దగ్గర ఆపమని నిమ్మకాయలు కొంది. ఎందుకని అడిగితే, "ఇల్లనుకుని పాలు పొంగించాం. అందుకే ఇన్ని ఇబ్బందులు. వాహనానికి చేయాల్సింది చేయలేదుగా," అంది. చక్రాలు లేవే అంటే, "నేను చూసుకుంటాలే," అంది.

శనివారం పొద్దున గాలి డాక్ మీద నుంచి నీళ్ళ వైపుకి వీస్తోంది. అంటే పడవని దగ్గరికి రానివ్వదు, దూరంగా నెట్టేస్తుంది. డాక్‌మాస్టర్ చేతులు కట్టుకుని నిలబడింది. పెద్దాయన, దంపతులు, ఇంకా కొంతమంది కాఫీ కప్పులతో చేరారు. అక్క జీన్స్ మీద కుర్తా వేసుకుని, నల్లటి మచ్చ ఉన్న చోట డాక్ అంచు మీదికి వంగి ఏదో చేస్తోంది. పసుపు దారానికి నిమ్మకాయ గుచ్చి, దాన్ని అంచు నుంచి వేలాడదీసింది. కరెక్టుగా నా పడవ రబ్బరు దిండు వచ్చి ఆనుకునే చోటు.

"చక్రం తొక్కితే ఏంటి, పడవ గుద్దితే ఏంటి," అంది నాతో తెలుగులో. "వచ్చేటప్పుడు ఇది నలగాలి. మర్చిపోకు."

వాదించే ఓపిక లేదు. తాళ్ళు విప్పాను. బయటికి వెళ్ళడం ఎప్పుడూ కష్టం కాదు. మెరీనా దాటి, కొంత దూరం పోయి, గుండ్రంగా తిరిగి వెనక్కి వచ్చాను. దూరం నుంచి డాక్ మీద ఆ జనం, వాళ్ళ మధ్య మా అక్క గులాబీ రంగు కుర్తా. వేగం తగ్గించాను.

మొదటిసారి వచ్చినప్పుడు గాలి ముక్కుని పట్టి పక్కకి తోసింది. అక్క చేతులు ఊపుతూ, "కుడికే, కుడికి! అయ్యో కుడికి!" అంటోంది. పెద్దాయన పరుగున డాక్ అంచుకి వచ్చి తాడు ఇమ్మని చేయి చాపాడు. ఎంత మంచివాడంటే, షరతు సంగతి కూడా మర్చిపోయాడు. నా చేయి అలవాటుగా తాడు మీదికి పోయింది. విసిరి ఉంటే పడవ క్షేమంగా వచ్చేది, నేను ఫ్రిస్కో పోయేదాన్ని.

తాడు వదిలేశాను. ఇంజన్ వెనక్కి వేసి, పడవని మెల్లగా బయటికి తీసుకెళ్ళిపోయాను. కుదరనప్పుడు వెనక్కి పోయి మళ్ళీ రావచ్చు. ఇంత చిన్న సంగతి, అన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా మొహమాటానికి వినేదాన్ని కాదేమో.

రెండోసారి వస్తూ, ఇంకా దూరంలో ఉండగానే గొంతు పెంచాను. ముందు ఇంగ్లీషులో, "దయచేసి ఎవరూ తాడు పట్టుకోకండి. ఎవరూ ఏం చెప్పకండి," అన్నాను. పెద్దాయన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఎవరికీ కోపం రాలేదు. నేను జీవితమంతా భయపడింది దేనికో నాకు అప్పటికీ అర్థం కాలేదు.

అక్క ఇంకా చేతులు ఊపుతూనే ఉంది.

"అక్కా," అన్నాను తెలుగులో. "నువ్వు కూర్చో."

మా ఇంట్లో అక్కని కూర్చోమన్నవాళ్ళు లేరు. ఆమె నా వైపు చూసింది. అక్కడే ఉన్న తాళ్ళ పెట్టె మీద కూర్చుంది.

ఇక గాలీ నేనూ పడవా మిగిలాం. గాలి తోస్తుందని తెలుసు కాబట్టి ఈసారి కోణం ఎక్కువ పెట్టాను, కొంచెం ధైర్యంగా డాక్ మీదికే వచ్చాను. ముక్కు ఇంకాస్త దూరంలో ఉండగా స్టీరింగ్ వదిలి రివర్స్ వేశాను. తోక ఎడమకి, నా ఇంటి వైపుకి, జరగడం మొదలుపెట్టింది. న్యూట్రల్. నాలుగడుగుల్లో పక్కకి వచ్చి, వంగి, నడుము తాడు ఉచ్చు ఇనుప కొమ్ము మీద వేశాను. పడింది. వెనక్కి వచ్చి ఇంజన్ నెమ్మదిగా ముందుకి వదిలాను. తాడు బిగిసింది. పడవ వచ్చి డాక్ పక్కన ఆగింది. చప్పుడు కూడా కాలేదు.

ముందు తాడు కట్టాను. వెనక తాడు కట్టాను. ఇంజన్ ఆపాను.

అందరికంటే ముందు అక్క లేచింది. చప్పట్లు కొట్టడానికి కాదు. డాక్ అంచున మోకాళ్ళ మీద కూర్చుని కిందికి తొంగి చూసింది. దిగులుగా తలెత్తింది.

"నలగలేదే," అంది.

రబ్బరు దిండుకీ డాక్‌కీ మధ్య, నల్లటి మచ్చ మీద, నిమ్మకాయ గుండ్రంగా పచ్చగా కూర్చుని ఉంది. ఆవిడేమంటోంది అని డాక్‌మాస్టర్ అడిగింది. కొత్త వాహనం తొలిసారి నిమ్మకాయని తొక్కాలనీ, మా అక్క అందుకే అక్కడ కట్టిందనీ, నేను వచ్చిన తీరుకి అది నలగలేదనీ చెప్పాను. ఆవిడ కూడా వంగి చూసింది. వేలితో దాన్ని తాకింది. చాలాసేపు నవ్వింది, ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"మీ అక్కతో చెప్పండి," అంది. "నేను ఇంతకంటే మంచి పరీక్ష పెట్టలేను."

తాళాల గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. చలికాలంలో ఇక్కడే ఉండేవాళ్ళకి ఇచ్చే స్నానాల గది తాళంచెవి అది. నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. గెలిచాను. అంతకంటే గొప్ప మాట నాకు దొరకలేదు, వెతకనూ లేదు. ఒళ్ళంతా గెలుపుతో వేడెక్కిపోయింది.

మధ్యాహ్నం నిమ్మకాయ పులిహోర కలిపాను. ఆ నిమ్మకాయే. పూజది కోస్తావా అని అక్క కాసేపు గొణిగింది, తర్వాత తనే పిండింది. పెద్దాయనకీ దంపతులకీ కాగితం పళ్ళేలలో పెట్టి తనే తీసుకెళ్ళి ఇచ్చింది, ఇంకొంచెం ఇంకొంచెం అంటూ. తిరిగొచ్చి వెనక సీటు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని తింటుంటే బావగారి ఫోన్ వచ్చింది. ఎప్పుడు బయల్దేరుతున్నారు, ఇద్దరికీ కలిపి టికెట్ చూడనా అని అడుగుతున్నట్టున్నారు. అక్క నోట్లో ముద్ద నమిలి మింగింది. ఒకసారి నా వైపు, ఒకసారి కట్టిన తాళ్ళ వైపు చూసింది.

"నా ఒక్కదానికే చూడండి," అంది. "ఆ ట్రెడ్‌మిల్ మళ్ళీ లోపల పెట్టేసుకోండి. దీనికి ఇక్కడ ఇల్లుంది."